సంగీతం గదికి పచ్చ గుర్తు

చీపురుపల్లి,
3 జూన్ 2025, మంగళవారం.

చిరంజీవి ఝాన్సీకి అమ్మమ్మ పార్వతీదేవి దీవెనలు. ఇక్కడ నేను క్షేమం. మోకాళ్ళ నొప్పి మామూలే. మీ అమ్మ పంపిన మాత్రలు పూటకొకటి వేసుకుంటున్నాను, ఒక్కటీ తప్పలేదు.

నువ్వడిగిన కాగితం రాయడానికే కూర్చున్నాను. కానీ ముందు నా మనసులో ఉన్నవి చెప్పాలి.

విజయనగరంలో నేను ముప్పై ఒక్క ఏళ్ళు పాఠాలు చెప్పిన పాత బడికి వైర్లన్నీ మార్చే పని నా మనవరాలికే వచ్చిందంటే ఎంత పొంగిపోయానో నీకు తెలుసు. నూరేళ్ళ సున్నపు గోడలు, ఎక్కడ పడితే అక్కడ కొట్టకూడదు. ఏ తీగ ఎటు పోయిందో చెప్పే పటం లేదు. జూన్ పన్నెండున పిల్లలొచ్చేస్తారు. అందుకని ఫోనులో ఆ సాఫ్ట్‌వేరు పెట్టావు. గదికో కార్డు, కార్డుకో పేరు, ఒక గడువు. గోడల్లో పాత తీగలున్నాయేమో చూడకపోతే ఎరుపు, చూసి నొక్కితే పచ్చ. పచ్చబడ్డాకే నువ్వు సుద్దతో గీత గీస్తావు, పనివాళ్ళు ఆ గీత మీద ఉలి పెడతారు. పద్ధతి నాకు నచ్చింది. హాజరు పట్టీ లాంటిదే.

నచ్చనిది ఒకటే. భవనం ఎరిగిన పాత టీచర్లు కావాలని నాతో పాటు కుసుమకుమారినీ పిలిచావు. ఆవిడకి పద్నాలుగు గదులు, నాకు ఆరు. ఆవిడ నాకంటే తొమ్మిదేళ్ళు వెనక ఆ బడికి వచ్చింది. సైన్సు టీచరు కదా అమ్మమ్మా అన్నావు. పిల్లల చేత కప్పల్ని కోయించేది, ఆవిడకి కరెంటు సంగతి ఏం తెలుసు? ప్రతి గదికీ ఫొటో తీసి పెట్టేది. దాని కింద నువ్వు బొటనవేలు బొమ్మ పెట్టేదానివి. పద్నాలుగు బొమ్మలు, లెక్కపెట్టాను. నాకు రెండు.

మొన్న శుక్రవారం నీకోసం రైల్లో పనసపొట్టు కూర క్యారియరు మోసుకొచ్చాను. నువ్వు కుసుమకుమారి ఇంట్లో భోంచేశావు. క్యారియరు మూత తియ్యకుండానే చీపురుపల్లి తిరిగొచ్చింది. పైగా కుసుమ టీచరు గారు లేకపోతే ఏమైపోయేదాన్నో అని అందరి ముందూ అన్నావు. నేను అక్కడే నిలబడి ఉన్నాను తల్లీ.

ఆ సాయంత్రం ఐదుకల్లా అన్ని కార్డులూ పచ్చబడాలన్నావు. నా పేరున ఒక్క ఎరుపు మిగిలింది, మేడ మీది సంగీతం గది. మీదొక్కటే ఉండిపోయింది పార్వతి గారూ, మెట్లెక్కలేరు గానీ ఆ తాళంచెవి ఇలా ఇవ్వండి, చిటికెలో చూసొస్తాను అంది కుసుమకుమారి. పనివాళ్ళు నవ్వారు. అక్కర్లేదు, నా పని నేను చేసుకోగలను అన్నాను. ఐదుకి ఐదు నిమిషాలుండగా ఆ కార్డూ పచ్చబడింది.

మర్నాడు పనివాళ్ళలో దేవేంద్ర వరండా వైపు నుంచి ఆ గోడ కొట్టాడు. లోపల పాత తీగలో కరెంటుంది. నిచ్చెన మీంచి పడి మణికట్టు విరిగింది. నిన్న సాలూరు నుంచి నాకు ఫోను చేశాడు. పచ్చగున్నాదనే గీత మీద కొట్టినానమ్మగోరూ, నాదేటి తప్పు సెప్పండి అని ఏడ్చాడు. పెచ్చు ఊడిపోయి ఇప్పుడు గీత ఆనవాలు లేదు. పార్వతీదేవి గారు చూశారంటే అక్కడ తీగ ఉండదు, నువ్వే పక్కకి కొట్టావు, ఇక ఈ జిల్లాలో నీకు పని దొరకనివ్వను అన్నాడట పనివాళ్ళని తెచ్చిన కంట్రాక్టరు. గోడ చూశానని నేను రెండు ముక్కలు రాసిస్తే చాలని, ఆగిన పని మొదలవుతుందని నువ్వూ అన్నావు.

నా మాటకి అంత విలువ ఊరికే రాలేదు. రాని పిల్లకి నేనెన్నడూ హాజరు వెయ్యలేదు. మీ అమ్మ ప్రార్థన అయిపోయాక వస్తే, కన్నకూతురని చూడకుండా గైర్హాజరు వేశాను. ఆ రోజు అది అన్నం తినలేదు. నేనూ తినలేదు.

కుసుమకుమారి మాటనైతే ఎవరూ అలా నమ్మరు. మూడు రోజులుగా ఆ ఒక్కటే తలుచుకుని తృప్తి పడుతున్నాను.

గడువుకి తొమ్మిది రోజులే ఉంది. వేళకి తిను. పని సకాలంలో పూర్తి కావాలని కోరుతూ,

నీ అమ్మమ్మ,
పార్వతీదేవి

తా.క.: నువ్వడిగిన కాగితం ఇదే. సంగీతం గదిలోకి నేను వెళ్ళలేదు. ఆరు మెట్లెక్కి కూర్చుండిపోయాను. కింద ఆవిడ నవ్వు వినబడుతోంది. అక్కడే కూర్చుని పచ్చ నొక్కేశాను. దేవేంద్ర గీత తప్పలేదు. దీన్ని కంట్రాక్టరు చేత దేవేంద్ర ఎదురుగా పైకి చదివించు. తాళంచెవి కవరులో ఉంది. ఆ కార్డు మళ్ళీ ఎర్రగా మార్చి, నా పేరు తీసేసి, కుసుమకుమారి పేరు వెయ్యి. చూసి ఫొటో పెడుతుంది. నువ్వు బొమ్మ పెట్టు.