లేబర్ ఆఫీసులో లేచి నిలబడ్డాను

మంగళవారం, రాత్రి

రాత్రి షిఫ్టు చేయలేమన్నందుకు నన్నూ సుజాతక్కనూ ప్రూఫ్ రీడింగ్ పనిలోంచి తీసేసిన మేనేజరు ఇవాళ రాజీ మాటలకు లేబర్ ఆఫీసుకు వచ్చాడు. ఆయన గదిలో అడుగు పెట్టగానే నేను లేచి నిలబడి "గుడ్ మార్నింగ్ సర్" అన్నాను. కాన్వెంటు అలవాటు.

అక్క నా చెయ్యి పట్టి లాగింది. "హారతి గూడా ఇస్తావా యేమే ఆయప్పకి?"

ఆఫీసరు నవ్వాడు. మేనేజరు కూడా.

మేమే రాజీనామా ఇస్తే మంచి సర్టిఫికెట్ ఇస్తాడట. "ఇష్టం లేకుంటే చెప్పమ్మా, కేసు కోర్టుకు పోతాది. నీకేం కావల్ల?" అని ఆఫీసరు అడిగాడు. నాకు నా ఉద్యోగం కావాలి. "మీరెలా చెబితే అలా సర్" అన్నాను. నా ఇష్టంతోనే మానేస్తున్నానన్న కాగితం మీద సంతకం పెట్టేశాను.

"నాకు పనే కావల్ల సార్" అంది అక్క. ఆమె పెట్టలేదు.

మహదేవపుర దాకా బస్సులో అక్క నా పక్కనే కూర్చుంది. దిగేముందు "ఏమన్నా తిను పో" అంది. ఏడుపొస్తుందనుకున్నాను, రాలేదు. అన్నం తిన్నాను, పుస్తకం తెరిచాను, ఒకే పేజీ చూస్తూ ఉండిపోయాను.

మేనేజరు మమ్మల్ని పొమ్మన్నప్పుడు ఆ గదిలో నాలుగో మనిషి లేరు. కోర్టులో అక్కకు సాక్షిని నేనొక్కదాన్నే.