నువ్వు చూడాలనుకున్న ఏనుగులు

నిస్సీ తల్లీ,

నువ్వు పోయి ఏడాదైంది. నువ్వు చూడాలనుకున్న బోట్స్‌వానాకు నేనూ డాడీ వెళ్లి, నిన్ననే కెనడాకు, సస్కటూన్‌లోని మన ఇంటికి తిరిగొచ్చాం.

ఒకరోజు మేం పడవలో ఉండగా ఏనుగుల మంద నది దాటింది. మునిగిపోతున్న పిల్లను తల్లి తొండంతో పైకెత్తి ఒడ్డుకు చేర్చింది. నువ్వుంటే ఆనందంతో కేక పెట్టేదానివి.

"మీకు పిల్లలున్నారా?" అని గైడ్ అడిగాడు.

"ఒక్కతే కూతురు. వెటర్నరీ చదువుతోంది," అన్నారు డాడీ.

"అయితే ఈసారి తననీ తీసుకురండి!"

"తప్పకుండా," అన్నారు. ఏనుగులన్నీ అడవిలోకి వెళ్లిపోయినా ఆయన బైనాక్యులర్స్ కళ్ల మీంచి దించలేదు.

అది నిజం కాదని నేనూ చెప్పలేదమ్మా. ఒడ్డుకు చేరేదాకా నువ్వు కాలేజీలోనే ఉన్నావు.

అమ్మ