శనివారం పొగ ఎవరిది

మిషిగన్ రాష్ట్రం, ఓక్లాండ్ కౌంటీ, ఫార్మింగ్టన్ హిల్స్ కాపురస్తుడు బత్తుల ప్రేమానందం అనే నేను, డెబ్బై మూడేళ్ళ వాడిని, గుండెలో స్టెంట్లు ఉన్నా బుర్రలో ఏ లోటూ లేనివాడిని, ఒకరి బలవంతం గాని బుజ్జగింపు గాని లేకుండా నా అంతట నేనుగా రాసుకుంటున్న మరణశాసనం ఇది. ఇంతకు ముందు రాసినవన్నీ రద్దు. ఇంగ్లిషు తర్జుమా సంగతి లాయరు గారు చూసుకుంటారు. నా కోపం ఇంగ్లిషులో సరిగా రాదు కాబట్టి తెలుగులో రాస్తున్నాను.

1. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత రెడ్‌మండ్‌లో ఉంటున్న నా కుమార్తె పర్సిస్‌ది. అమ్మాయీ, ఆరో క్లాజుకొచ్చేసరికి "డాడీ, ఇవన్నీ విల్‌లో పెడతారా, సో ఎంబరాసింగ్" అంటావని తెలుసు. పెడతాను. ఒక్క ముక్క కూడా మింగకుండా మీ అమ్మ ఎదుట, నా పొగ నేస్తం ఫణికుమార్ ఎదుట పైకి చదవాలి, ఆరోది మాత్రం మీ అమ్మ ఎదుటే.

2. ఇల్లు, బ్యాంకులో ఉన్నది, కారు, సమస్త స్థిరచరాస్తులు నా భార్య రూతుకు సర్వహక్కులతో చెందుతాయి. ఆస్తి విషయంలో నాకు ఎవరితోనూ తగువు లేదు. నా తగువంతా పొగతోనే.

3. గరాజ్‌లో మేకుకు వేలాడుతున్న నా గోధుమరంగు కోటు పర్సిస్‌కు. చిన్నప్పుడు జ్వరమొస్తే దాని జేబులో ముక్కు పెట్టుకుని నిద్రపోయేది. డ్రైక్లీనింగ్‌కి ఇవ్వకూడదు. ఇస్తే అది కోటు మాత్రమే అవుతుంది.

4. మా తెలుగు సంఘం పాస్టరు గారికి నా పిప్పరమెంట్ల డబ్బా. ప్రతి ఆదివారం ఆరాధనకు ముందు రెండు నములుకుని వెళ్ళి, సంఘపెద్దగా ముందు వరుసలో కూర్చునేవాణ్ణి. ఆయన నాకు చేయి కలిపి, "బ్రదర్ గారు, ఈవేళ కూడా పిప్పరమెంటా!" అని నవ్వేవారు. అంతకు మించి ఏనాడూ అడగలేదు. దేవుడు ఆయనను దీవించును గాక.

5. మా ఊరి పైప్ క్లబ్బుకు నా వల్ల దమ్మిడీ కూడా చెందదు.

కారణం చెప్పాలి. అక్కడ మేము కలిపి కాల్చేది ఇంగ్లిష్ బ్లెండ్, అంటే వెనిల్లా, చెర్రీ అంటూ అత్తరు పూయని పొగాకు. తియ్యటి వర్జీనియా, పుల్లటి ఓరియంటల్, పొగబెట్టి నల్లగా చేసిన లటాకియా, ఈ మూడూ ఒకదాన్నొకటి తొక్కకుండా కలపాలి. మా నాన్నకు టంగుటూరు దగ్గర ఆకును వేడితో పండించే పొగాకు బ్యారన్ ఉండేది. ఆకు పండిందో లేదో చీకట్లో వాసన చూసి చెప్పగలను. ఫణికుమార్ హైదరాబాదు వాడు. ఆటో కంపెనీలో నా పక్క క్యూబికల్‌లో కూర్చుని, నేనిచ్చిన పైపుతో మొదలుపెట్టి, యూట్యూబ్ చూసి కలపడం నేర్చుకున్నాడు. చివరికి నాకే చెప్పేవాడు: "ప్రేమానందం గారూ, మీరు లటాకియా కొంచెం తగ్గించాలండీ, బ్యాలెన్స్ మిస్ అవుతోంది." తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే.

క్లబ్బులో పేర్లు దాచి రుచి చూసే పోటీ పెట్టారు. చిటికెడు పొగాకు పైపులో కూరి, ఒకసారి వెలిగించి ఆర్పి, మళ్ళీ వెలిగించి, అడుగుదాకా కాల్చి తీర్పు చెప్పాలి. ఫణి లేచి "పాత లైబ్రరీ, లెదర్, వర్షంలో క్యాంప్‌ఫైర్" అని అమెరికా ఇంగ్లిషులో వర్ణించాడు. చప్పట్లు! నేను లేచి "పిడకల దాలిలో కాగిన పాలు, పక్కన ఎవరో తాటాకులు కాల్చినట్టు" అన్నాను. ప్రెసిడెంట్ గారు "హౌ ఇంట్రెస్టింగ్" అని వాచీ చూసుకున్నాడు. ఉత్తమ నాలుక బహుమతి ఫణికి. ఆ నాలుకకు పొగాకు రుచి చూపించినవాణ్ణి నేను! ఆ రాత్రి అన్నం సయించలేదు. అవును, కుళ్ళే. చచ్చేముందు అబద్ధమెందుకు.

6. ఈ క్లాజు చదివేటప్పుడు ఫణికుమార్‌ను గది బయట కూర్చోబెట్టి తలుపు వేయాలి.

రూతూ, ఇది నీకు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. మన ఇంట్లో పొరుగింటి పొగ కూడా రుచే. వారమంతా నేను కాలిస్తే "టైరు కాలినట్టుందండీ" అని కిటికీలు తెరిచేదానివి. శనివారం ఫణి వచ్చి నాతో డెక్ మీద కూర్చుంటే చాలు, తలుపు దగ్గర నిలబడి "ఇవాళ ఎంత కమ్మగా ఉందో, అన్నయ్యగారి చేతిలో ఏదో ఉంది" అనేదానివి. నోరారా అన్నయ్యా అంటావు, నీ మనసు మీద నాకు అనుమానం లేదు. నా అసూయంతా నీ ముక్కు మీదే. ఇంట్లో అన్నం తిని పక్కింట్లో త్రేన్చినట్టుండేది నాకు.

మొన్న మార్చిలో డాక్టరు ముఖం చిన్నబుచ్చుకుని మాట్లాడాక, ఒక సంగతి తేల్చుకోకుండా పోకూడదనుకున్నాను. గరాజ్ తలుపు దగ్గర నీకు కళ్ళు మూసి, రెండు పైపులు ఒకదాని తరువాత ఒకటి వెలిగించాను. ఒకటి ఫణిది. ఒకటి నాది, నేను 'సాయంకాల ప్రార్థన' అని పేరు పెట్టుకున్నది. మొదటిదానికి మూతి ముడిచావు. రెండోదానికి ఊపిరి లోపలికి లాగి, అలాగే ఉండిపోయావు. తరువాత అన్నావు: "ఇదీ! ఇది ఫణి అన్నయ్యగారిదే. మీరు ఎన్ని జన్మలెత్తినా ఇలా కలపలేరు." సంఘపెద్ద భార్యవు, మనకు ఒక్క జన్మే అన్న సంగతి కూడా మరిచిపోయావు.

రెండోది నాది, రూతూ.

అప్పుడు అర్థమైంది. వారమంతా నేను కాల్చినవి ప్రయోగాలు, చెడిపోయిన పాళ్ళు. ఫణిని ఓడించాలని నా మేలిరకం శనివారానికే దాచేవాణ్ణి. ఇన్నేళ్ళూ నువ్వు తలుపు దగ్గర నిలబడి మెచ్చుకున్నది నన్నే. ఆ పేరు కొట్టేసింది వాడు. మరుసటి శనివారం నువ్వు వాడి ముఖం మీదే పొగిడితే, "అంతా మీ అభిమానం అమ్మా" అని తల వంచి తీసుకున్నాడు. పాపం వాడికి మాత్రం ఏం తెలుసు! అయినా నా కడుపు మండిపోయింది.

అప్పుడే ఎందుకు చెప్పలేదంటావా? చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. "మీదా? ఏదీ, ఇంకోసారి" అంటావు. ఇంకోసారి పీల్చి "ఆ, కొంచెం ఘాటేలెండి" అంటావు. జన్మకు ఒక్క తీర్పు వచ్చింది నాకు. దాన్ని నీ చేత వెనక్కి తీసుకోనివ్వలేను. అందుకే భయపడి ఊరుకున్నాను.

పాళ్ళు నీకే చెబుతున్నాను: వర్జీనియా సగానికి కాస్త తక్కువ, మిగిలిన దానిలో ఎక్కువ లటాకియా, ఓరియంటల్ చిటికెడు అటూ ఇటూ నీ ముక్కు చెప్పినట్టు. కలిపాక సీసాలో మూడు నెలలు ముట్టుకోకూడదు. ఫణికి చెప్పావో, నేను నిద్రపోను.

7. ఇప్పుడు ఫణికుమార్‌ను లోపలికి పిలవాలి. ఫణీ, నా పైపులన్నీ నీవి. తెల్లటి గొట్టం ఉన్న ఆ వంకర పైపు మీద నీ కన్ను ఎప్పటినుంచో ఉంది, నేను చూడలేదనుకోకు. సాయంకాల ప్రార్థన నిండిన సీసాలు కూడా నీవే. షరతు ఒకటే. ప్రతి శనివారం మా డెక్ మీద, నా కుర్చీలో కాక నీ కుర్చీలో కూర్చుని, నీది కాక నాది వెలిగించాలి. రూతు తలుపు దగ్గరికి వస్తుంది. తను నోరు తెరవకముందే నువ్వు "అమ్మా, ఇది ప్రేమానందం గారిది" అనాలి. ప్రతి శనివారం అనాలి, గొణగకుండా గట్టిగా అనాలి. ఒక్క వారం తప్పినా సీసాలు రూతు వెనక్కి తీసుకోవచ్చు.

అప్పుడు ఆమె కమ్మగా ఉందంటుందో, టైరు అంటుందో నాకు వినపడదు. అందుకే ఇంత ధైర్యంగా రాస్తున్నాను.

పై సంగతులన్నీ నేను చదువుకుని, సరేననుకుని, రెండు వేల ఇరవై నాలుగు అక్టోబరు పన్నెండున, శనివారం, ఫణి రాకముందే సంతకం చేశాను.

(సంతకం) బత్తుల ప్రేమానందం

సాక్షులు, మా ఎదుటనే సంతకం జరిగిందని:
1. రవికాంత్ వేమూరి, ఎదురింటివారు
2. జాహ్నవి వేమూరి, వారి భార్య