మూడు లెక్కపెట్టి

బెళుగుప్ప,
ఆగస్టు 11.

ప్రియమైన అమ్మకు,

ప్రభువు పేరట నీ పెద్దకూతురు రెబెకా వందనాలు. ఇక్కడ నాయన, నేను, చెల్లి జాయ్ ముగ్గురమూ బాగానే ఉన్నాం. నువ్వు పనిచేసే ఇంట్లో నీకు వేళకు తిండీ నిద్రా దొరుకుతున్నాయని అనుకుంటున్నాను. ఆంజినమ్మక్క ఎల్లుండి మళ్లీ కువైట్ వస్తోంది, ఆమె చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్ మోగితే జాయ్ వచ్చి నా భుజానికి ఆనుకుని కూర్చుంటుంది. ఇది దాని ముందు చెప్పే సంగతి కాదు.

వాన గురించి అడిగావు. శనక్కాయ వేసిన ఇరవై రోజులకు ఒక జల్లు పడింది, అంతే. మొలకలు వాడిపోయాయి. నాయన రోజూ చేనికి పోయి గట్టు మీద కూర్చుని వస్తాడు. "ఏం చూసొచ్చినావు నాయనా?" అంటే, "మట్టి యాడికీ పోలేదులే, ఆడనే ఉండాది" అంటాడు. నువ్వు పంపిన మందు మోకాళ్లకు రాస్తున్నాడు.

నా పని గురించి అడిగావు. అనంతపురంలో గంగాధర్ సార్ మనుషుల తెలివినీ మనసునూ పరీక్షించే గదిలో నేను రంగు దిమ్మలు సర్దుతాను, వాచీ పట్టుకుంటాను, జవాబులు ఉన్నవి ఉన్నట్టు రాస్తాను. సార్ మొదటిరోజే చెప్పాడు: "అందరికీ ఒకే ప్రశ్న, ఒకే మాటల్లో. తల ఊపకూడదు, నవ్వకూడదు. నీ మొహంలో జవాబు కనబడినాదంటే అది పరీక్ష కాదు." చివర వచ్చే నంబరు మనిషి విలువ కాదట. అదే వయసు వాళ్ల మధ్య ఆ మనిషి యాడ నిలబడతాడో చెప్పేది, అంతే. గొడుగు దేనికని అడిగితే మన పక్క పిల్లలు "ఎండకు" అంటారు. పుస్తకంలో వాన అని ఉంది. పిల్లలు బయటికి పోయినాక సార్ "ఇది రాసినోళ్లు మన ఊర్లు చూళ్లేదు రెబెకా" అని మార్కు వేస్తాడు.

ఇక జాయ్. ఫోన్లో ఎందుకు మాట్లాడటం లేదని రెండు ఉత్తరాల్లో అడిగావు. రెండుసార్లూ దాటేశాను.

పోయిన ఏడాది నువ్వు, ఇంకో రెండేళ్లు తప్పవని రాశావు గుర్తుందా? జాయ్‌కు వికలాంగుల పెన్షన్ వస్తే ఒక ఏడాది ముందే నువ్వు వచ్చేస్తావనుకున్నాను. చిన్నప్పటి ఫిట్స్ వల్ల అది నెమ్మదే కానీ, నంబరు డెబ్బైకి కొంచెం పైనే వస్తుందని నాకు తెలుసు. సర్టిఫికెట్‌కు డెబ్బైకి లోపలుండాలి. అందుకని నెల రోజులు నేర్పించాను అమ్మా. ఏమడిగినా మనసులో మూడు లెక్కపెట్టి "తెలీదు" అనమన్నాను. అన్నప్పుడల్లా ఒక చిక్కీ ముక్క. "శబాష్ జాయ్" అని తల నిమిరేదాన్ని. బడిలో తెలీదన్నందుకు దెబ్బలు తిన్న పిల్ల. దానికి మెప్పు దొరకడం అదే మొదటిసారి. పంతొమ్మిదేళ్ల పిల్ల పాపలా మెరిసిపోయేది.

తోబుట్టువులకు మనం పరీక్ష పెట్టకూడదని నియమం. సార్‌తో మా ఊరి పిల్ల అని చెప్పి, జాయ్ పనిచేసే టీ హోటల్ నల్లమ్మత్తను తోడిచ్చి పంపించాను. దిమ్మలు పేర్చమంటే జాయ్ మూడు సరిగ్గా పెట్టేసింది. నాలుగోది పట్టుకుని నా మొహం చూసింది. నేను చూపు వాచీ మీదకు దించాను. దిమ్మ కింద పెట్టి, "తెలీదు సార్" అంది. అరవై ఒకటి వచ్చింది. దాని మీదే మెడికల్ బోర్డువాళ్లు సర్టిఫికెట్ ఇచ్చారు.

ఆ తర్వాత కూడా అది తెలీదనడం మానలేదు. బస్టాండు హోటల్లో ఎవరికి చక్కెర తక్కువో, ఎవరికి స్ట్రాంగో అడక్కుండానే టీ పోసిన పిల్ల కదా. "ఏం రెబెకా, మీ చెల్లికి ఏమైనాది? ఎన్ని టీలు మే అంటే గోడకల్లా చూసి తెలీదంటాది!" అని నల్లమ్మత్త వచ్చింది. టీ తాగేవాళ్లు ఆటపట్టించారట, "ఏం పాపా, సర్టిఫికెట్ తీసుకుని తెలివి సర్కారుకు ఇచ్చేసినావా?" అని. వాళ్లు నవ్వితే ఇదీ నవ్విందట. ఇప్పుడు హోటల్‌కు పోవడం లేదు.

మొదట్లో అందరమూ బాగున్నామని రాశాను. ఉత్తరం అన్నాక అలా రాస్తాం. పోయిన మంగళవారం నాయన, "ఫిట్స్ మాత్ర ఏసుకున్యావా మే?" అని అడిగితే తెలీదంది. వేసుకుందేమోనని నాయన ఊరుకున్నాడు. వేసుకోలేదు. సాయంత్రం పొయ్యి దగ్గర పడింది. కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది. కట్టు కట్టారు, మానుతోంది.

మరుసటిరోజు సార్‌కు అంతా చెప్పేశాను. ఆయన అరవలేదు. కాగితం ముందేసుకుని, ఆ నంబరు మీద వేలు పెట్టి, "మళ్లీ పరీక్ష పెడతా. వచ్చేది ఎవరి నంబరు రెబెకా? ఆ పాపదా, నువ్వు నేర్పిందా?" అన్నాడు. పైన పని ఉన్నట్టే రాశాను గానీ, నన్ను ఇక రావద్దన్నాడు. వచ్చే సోమవారం పరీక్ష. నేను గేటు బయటే ఉండాలి. నంబరు పెరిగితే సర్టిఫికెట్ పోతుంది, నీకు ఆ రెండేళ్లూ పూర్తిగా తప్పవు. పెరగకపోతే నా చెల్లెల్ని నేనే ఆ అరవై ఒకటి దగ్గర నిలబెట్టినట్టు. ఏది కావాలని ప్రార్థన చెయ్యాలో తెలియక మోకాళ్ల మీద ఊరికే ఉంటున్నాను.

నిన్న దాని పక్కన కూర్చుని, గొడుగు బొమ్మ గీసి చూపించాను. "ఇది దేనికి జాయ్?" కట్టులేని చేతి వేళ్లు ఒకటి, రెండు, మూడు ముడిచింది. నా మొహం వెతికింది.

"నీకు ఏది కావల్ల అక్కా?" అంది.

ఆదివారం ఫోన్ చేసినప్పుడు దాన్ని ఏదైనా అడుగు అమ్మా, ఏం తిన్నావని అడిగినా చాలు. మూడు లెక్కపెడుతుంది, తెలీదంటుంది. నువ్వు తొందరపడి ఫోన్ నాకివ్వమనకు. నీ మొహం దానికి కనబడదు కదా, కాసేపు ఆగి చూడు.

ఇట్లు,
క్షమించమని అడగడానికి మొహం చెల్లని
నీ పెద్దకూతురు
రెబెకా