ఎడమకి లాగే బండి

ప్రియమైన మరమేకుకి,

నానమ్మ ఆశీస్సులు. చేతికందిన ప్రతిదాన్నీ విప్పి బిగించే పిల్లకి మరమేకు కంటే మంచి ముద్దుపేరు నాకింకా దొరకలేదు. మీ కొండ మీది వాతావరణ కేంద్రంలో ఫోను అందదు కాబట్టి నీకు ఉత్తరం రాస్తున్నానని మీ నాన్న అనుకుంటున్నాడు. అసలు సంగతేమిటంటే, ఉత్తరమైతే మధ్యలో ఎవరూ అడ్డు తగలరు.

నీ కారు క్షేమం. బ్యాటరీ చచ్చిపోకుండా వారానికోసారి తిప్పమన్నావు, అంతకంటే ఎక్కువే తిప్పుతున్నాను. కారెక్కుతున్నానని మాత్రం అనను. నువ్వు స్ప్రింగులు మార్చి దాన్ని నేలకి అంత దగ్గరగా దించాక అందులోకి ఎక్కడమనేది లేదు, దిగడమే. బయటికి రావాలంటే ముందు ఒక కాలు, తర్వాత ఒక చెయ్యి, ఆ తర్వాత పట్టి లాగడానికి మీ అమ్మ. ఆ సైలెన్సరు చప్పుడుకి ఎదురింటి రిటైర్డ్ జడ్జిగారు చెవులు మూసుకోవాలో నాకు నమస్కారం పెట్టాలో తేల్చుకోలేక రోజూ తీర్పు వాయిదా వేస్తున్నారు.

ఇక అసలు విషయం. నీ కారు ఎడమకి లాగుతోంది. స్టీరింగు ఎంత నిటారుగా పట్టుకున్నా, దొంగలాగా మెల్లగా ఫుట్‌పాత్ వైపు జరుగుతుంది.

మామూలప్పుడైతే నేనూ పట్టించుకునేదాన్ని కాదు. కానీ నా లైసెన్సు గడువు ముగుస్తోంది. నా వయసు వాళ్ళకి ఊరికే ముద్ర కొట్టి ఇవ్వరట, ఇన్‌స్పెక్టరు పక్కన కూర్చుని నడిపించి చూస్తాడట. పరీక్ష వచ్చే నెల. నా పాత కారు పోయాక ఇంట్లో ఉన్నది నీ బండి ఒక్కటే. మీ నాన్న ఈ మధ్య దాన్ని ముట్టుకోవడమే మానేశాడు, ఆఫీసు బస్సే సుఖమట. అలాంటివాడు నాకు ప్రాక్టీసు చేయిస్తానని పక్కన కూర్చుని, "అమ్మా ఎడమకి పోతున్నావు, అమ్మా ఎడమకి పోతున్నావు" అని ఒకటే పాట. చివరికి, నా చేతుల్లో పట్టు తప్పిందనీ, ఈ వయసులో లైసెన్సు దేనికనీ తేల్చేశాడు. ఎక్కడికెళ్ళాలన్నా ఆదివారం తను తీసుకెళ్తాడట. నాకు లైబ్రరీకి వెళ్ళాలనిపించేది మంగళవారాలు. ఇంకొకరి ఆదివారం కోసం గుమ్మంలో కూర్చోవడం నావల్ల కాదు.

కాబట్టి చక్రాల వాటం సరిచేసే వీల్ ఎలైన్‌మెంటుకి బండిని తీసుకెళ్ళడానికి నీ అనుమతి కావాలి.

నీ
నానమ్మ


ప్రియమైన నానమ్మకి,

సరుకుల వ్యాను నీ ఉత్తరాన్ని ఉల్లిపాయల బస్తా కింద పెట్టి తెచ్చింది. చదువుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ప్రేమ వల్ల కాదు. ఇక్కడంతా పొగమంచు. గాలి వేగం కొలిచే గిన్నెలో ఒక పిట్ట గూడు కడుతోంది. దాని లెక్క ప్రకారం మా కొండ మీద గాలి లేదు.

నానమ్మా, నా బండి ఎడమకి లాగదు. స్ప్రింగులు మార్చాక ఎలైన్‌మెంటు నేనే చేశాను. ఒక ఆదివారమంతా పెరట్లో పడుకుని, వెనక చక్రం నుంచి ముందు చక్రం దాకా బిగుతుగా దారం కట్టి, స్కేలుతో కొలిచి, వెంట్రుకవాసి తేడా లేకుండా సరిచేశాను. షాపుకి ఇస్తే ఏం చేస్తారో తెలుసా? వాళ్ళ కంప్యూటర్లో కంపెనీ లెక్కలుంటాయి. నా బండి ఇప్పుడు కంపెనీ బండి కాదు, నా బండి. వాళ్ళ లెక్కకి తిప్పితే టైర్లు అరిగిపోతాయి. పైగా ర్యాంపు ఎక్కేటప్పుడు ముందు బంపరు గీసుకుపోతుంది. నేను సెలవుకి వచ్చేదాకా దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వకు.

నాన్న కూడా రాశాడు. కోప్పడనంటే ఒక మాట. ఒకసారి కళ్ళూ భుజాలూ డాక్టరుకి చూపించుకో. నీ గురించి భయంతోనే చెబుతున్నాను.

ప్రేమతో,
నీ మరమేకు


ప్రియమైన అని రాయడం ఇవాళ కాస్త కష్టంగా ఉన్నా, ప్రియమైన మరమేకుకి,

కళ్ళు చూపించుకున్నాను. డాక్టరు బోర్డు మీది అన్నిటికన్నా చిన్న వరుస చదవమంటే చదివి, దాని కింద ప్రెస్సు వాళ్ళు అచ్చేసిన చిరునామా కూడా చదివాను. భుజాలు చూపిస్తే, ఏం వ్యాయామం చేస్తారని అడిగాడు. మా మనవరాలి కారు దిగుతుంటానని చెప్పాను.

నీ సెలవు పరీక్ష అయిపోయాక. అప్పటికి నేను లైసెన్సు లేని మనిషిని. ఆ సంగతి నీకు తట్టలేదా, తట్టినా మంచిదే అనుకున్నావా అని అడగను.

నా ఉద్యోగమంతా పిల్లలకి భౌతికశాస్త్రం చెప్పడంలోనే గడిచింది. కాబట్టి వాదించను, చేసి చూపిస్తాను. మీ నాన్నని గోదాముల వెనక ఖాళీ రోడ్డుకి తీసుకెళ్ళి స్టీరింగు ముందు కూర్చోబెట్టాను. పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు కూర్చున్నాడు. గట్టిగా పట్టుకోవద్దు, రెండు వేళ్ళు ఆనించి నేరుగా పోనియ్యి అన్నాను. బండి ఫుట్‌పాత్ వైపు నడిచింది. రోడ్డు ఎడమకి వాలుగా ఉందమ్మా, అన్నాడు. సరే, వెనక్కి తిప్పి అదే జాగాలో ఎదురు దిక్కున నడపమన్నాను. వాలు గనక కారణమైతే ఇప్పుడు కుడికి పోవాలి. మళ్ళీ ఎడమకే పోయింది. మీ నాన్న బండి దిగి ఒకసారి చుట్టూ తిరిగి, వెనక చక్రం దగ్గర కాసేపు నిలబడి, ఇంటికి పోదాం పద అన్నాడు.

అంటే నీ చేతులూ కుడికి పట్టి ఉంచడానికి అలవాటు పడిపోయాయి. బలమున్న చేతులు కాబట్టి నీకు తెలియలేదు. నాకు తెలిసింది. దాన్ని ముసలితనం అంటున్నారు.

అయినా బండి నీది. నువ్వు సరేననకుండా దానికి స్పానరు తగలనివ్వను. పరీక్ష మాత్రం నీ జవాబు కోసం ఆగదు.

నీ
నానమ్మ


ప్రియమైన, కోపంగా ఉన్న నానమ్మకి,

ఎదురు దిక్కులో నడిపించావని చదివాక ఉత్తరం మడిచి కాసేపు బయట తిరిగొచ్చాను. నాకు ఆ ఆలోచనే రాలేదు. నేను క్షమించమని అడిగే ముందు, నువ్వు బండిని బాగుచేయించు.

ఎక్కడికి పడితే అక్కడికి ఇవ్వకు. పాత బస్టాండు వెనక పందేల కార్లు చూసే వర్క్‌షాపు ఒకటుంది, దాన్ని నడిపేది ఒక అక్క. గొంతు పెద్దది, భయపడకు. ఇవి మర్చిపోకుండా చెప్పు. కంపెనీ లెక్కలు వద్దు, ఎడమా కుడీ సమానంగా ఉంటే చాలు. ర్యాంపుకి ముందు చెక్కలు పరవాలి. కొలిచేటప్పుడు నువ్వే సీట్లో కూర్చోవాలి. ఇంత కిందికి దించిన బండికి, నడిపే మనిషి బరువుతో చక్రాల వాటం మారుతుంది.

ఇంకొక్కటి. నా దారం పని తప్పని తేలితే నాన్న ముందు అనొద్దు. స్ప్రింగులు విప్పిన రోజు నాన్న ఏమన్నాడో గుర్తుంది కదా. ఇది బొమ్మ కాదు, పాడుచేస్తే మళ్ళీ బిగించడం నీవల్ల కాదు అన్నాడు. అది అబద్ధమని చూపించడానికే ఆ ఆదివారమంతా నేల మీద పడుకున్నాను.

ప్రేమతో,
నీ మరమేకు


ప్రియమైన మరమేకుకి,

నీ అక్కని కలిశాను. తరగతి గదిలో నా గొంతే పెద్దదనుకునేదాన్ని, ఆ గర్వం పోయింది.

చెక్కలు పరిచారు. మీ నాన్న బంపరు ముందు వంగి వెనక్కి నడుస్తూ, ఓడని రేవులోకి తెస్తున్నట్టు చేతులు ఊపాడు. ఆవిడ వాణ్ణి పక్కకి జరిపి, బండిని ఒక్క గీత పడకుండా ఎక్కించింది. నడిపేదెవరని అడిగింది. మీ నాన్న నన్ను చూపించాడు. నన్ను పైనుంచి కిందికి చూసి, కూర్చోమంది. కూర్చున్నాను. మీరెక్కినట్టు బండికి తెలియడం లేదమ్మా, కాస్త తినండి, అంది. తర్వాత నన్ను బండితో సహా పైకెత్తారు. మీ నాన్న నడినెత్తిన జుట్టు పలచబడిన సంగతి అక్కణ్ణుంచి చూస్తేగాని తెలియలేదు.

చక్రాలకి కొలత పెట్టెలు తగిలించి చూసి, ముందు చక్రాలు ఎవరు సరిచేశారని అడిగింది. మా మనవరాలు, దారంతో అన్నాను. నువ్వు వద్దన్నావు గానీ, ఆ తర్వాత ఆవిడన్న మాట మీ నాన్న ముందే అంది కాబట్టి నా తప్పు లేదు.

"దారం పని శుద్ధంగా ఉందమ్మా. నా పనివాళ్ళు కూడా ఇలా చెయ్యరు. కాకపోతే వెనక చక్రం నేరుగా ఉందని నమ్మి దాన్నుంచి కట్టింది. వంకరున్నది ఆ చక్రమే."

ఎడమ వెనక చక్రం ఏదో అంచుకి గట్టిగా కొట్టుకుని కాస్త లోపలికి తిరిగిందట. అది బండి వెనక భాగాన్ని కుడికి తోస్తుంటే ముక్కు ఎడమకి తిరుగుతోంది. ఇరుసుకీ చక్రానికీ మధ్య పలచటి రేకు ముక్క పెట్టి దాన్ని నేరుగా చేసి, ముందు చక్రాలు మళ్ళీ సరిచూసింది. ఫుట్‌పాత్‌కి కొట్టిందెవరని అడిగితే నేను మీ నాన్న వైపు చూశాను. వాడు గోడ మీది టైర్ల ప్రకటన శ్రద్ధగా చదువుతున్నాడు.

సంతోషంగా రోడ్డెక్కాను. బండి కుడికి పోయింది.

నవ్వకు. బండిది తప్పు కాదు, వదిలేస్తే గీత గీసినట్టు పోతోంది. కుడికి లాగుతున్నది నా చేతులు. వంకర బండిని నేరుగా నడపడం నేర్చుకున్న చేతులు, నేరుగా పోయే బండిని వంకరగా నడుపుతున్నాయి. పరీక్ష వచ్చే వారం. మొన్నటిదాకా తప్పు బండిదని ధైర్యంగా ఉన్నాను. ఇప్పుడు చెప్పుకోవడానికి అదీ లేదు. నీకొక్కదానికే రాస్తున్నాను, భయంగా ఉంది.

నీ
నానమ్మ


ప్రియమైన నానమ్మకి,

వ్యాను తిరిగి బయల్దేరేలోపు రాస్తున్నాను, అక్షరాలు చూసి మార్కులు తగ్గించకు.

చేతులకి ఏమీ చెప్పకు, అవి వినవు. కళ్ళకి చెప్పు. బానెట్ ముందున్న రోడ్డు చూడకు, చూపు ఆనినంత దూరం చూడు. కళ్ళు ఎక్కడుంటే చేతులు అక్కడికి తీసుకెళ్తాయి. అలవాటు పడటానికి నాకైనా కొన్నాళ్ళు పట్టేది. రోజూ నడుపు.

దారం పని శుద్ధంగా ఉందన్న మాట నాలుగుసార్లు చదివాను. మా ఆఫీసరుకి కూడా చదివి వినిపించాను, ఆయనకేమీ అర్థం కాలేదు.

కానీ నేను ఏ ఫుట్‌పాత్‌కీ కొట్టలేదు నానమ్మా. నువ్వు కొట్టలేదు కదా? కొట్టినా ఏమీ అనను. నాకు నిజం చెప్పు చాలు.

ప్రేమతో,
నీ మరమేకు


ప్రియమైన మరమేకుకి,

ముందు నా మీద నీ అనుమానం సంగతి తేలుద్దాం.

ఈ వారమంతా పొద్దున్నే గోదాముల వెనక రోడ్డు మీద నడిపాను. మీ నాన్న ఆఫీసు బస్సు ఎగ్గొట్టి మరీ రోజూ పక్కన కూర్చున్నాడు. ఎడమ, కుడి అనే మాటలు నోట రానివ్వలేదు. నాకు ఆశ్చర్యమేసింది గానీ, మనిషి మంచిగా ఉన్నప్పుడు కారణం అడిగి చెడగొట్టకూడదని ఊరుకున్నాను. నువ్వు చెప్పినట్టు దూరంగా చూడటం మొదలుపెట్టాక నాలుగో రోజుకి చేతులు దారికొచ్చాయి.

పరీక్ష రోజు ఆఫీసు వరండాలో బెంచీ మీద మా వంతు కోసం కూర్చున్నాం. మీ నాన్న చేతిరుమాలు మడతలు పెడుతూ విప్పుతూ ఉన్నాడు. ఉన్నట్టుండి, "అమ్మా, ఆ చక్రం కొట్టింది నేనే," అన్నాడు.

నువ్వు దారం కట్టడానికి ముందు వారం నీ బండి తీసుకెళ్ళాడట. ఒక సైకిలు హఠాత్తుగా అడ్డం వస్తే తప్పించబోయి ఫుట్‌పాత్ అంచుకి కొట్టాడట. సైకిలతనికేమీ కాలేదు, తిట్టి వెళ్ళిపోయాడు. మీ నాన్న మాత్రం చాలాసేపు బండిలోనే కూర్చుండిపోయాడట. ఆ తర్వాత స్టీరింగు పట్టుకుంటే చెమటలు పట్టాయట. ఆఫీసు బస్సు సుఖం అప్పుడు మొదలైంది.

"నాకే అలా అయితే, నీకేమవుతుందోనని," అన్నాడు.

నెలరోజులుగా వాడికి చెప్పాలని దాచుకున్న మాటలు నా దగ్గర చాలా ఉన్నాయి, బాగా పదునుపెట్టినవి. అవన్నీ అలాగే ఉంచేసి, ఆ చేతిరుమాలు తీసుకుని నా సంచిలో పెట్టుకుని, ఇంటికెళ్ళేటప్పుడు నువ్వు నడుపు అన్నాను. ఈలోగా నా వంతు వచ్చింది.

ఇన్‌స్పెక్టరు పొడగరి. నా పక్క సీట్లో మోకాళ్ళు గడ్డానికి ఆనించి కూర్చుని, ఇది ఎవరి బండి అని అడిగాడు. మనవరాలిదన్నాను. ఊరంతా తిప్పాడు. చివర్న పొడవాటి గోడ పక్కన నేరుగా పోనివ్వమన్నాడు. నేను గోడని చూడలేదు, రోడ్డు చివరున్న పసుప్పచ్చ గేటుని చూశాను. గేటు మెల్లగా పెద్దదవుతూ మా ఎదురుగా వచ్చి ఆగింది. ఆయన కాగితం మీద సంతకం పెట్టాడు. దిగడం మాత్రం ఆయనవల్ల కాలేదు. నేనే అటువైపు వెళ్ళి చెయ్యందించి బయటికి లాగాను.

ఇంటికి మీ నాన్నే నడిపాడు. మెల్లగా, చెమటలు పడుతూ, కానీ నేరుగా. నేను అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను, ఒక్క సలహా ఇవ్వలేదు. నా జీవితంలో అంతకంటే కష్టమైన పరీక్ష లేదు.

ఇక ఈ కవరు మీద స్టాంపు లేకపోవడం నువ్వు గమనించే ఉంటావు. పొద్దున బయల్దేరుతుంటే మీ నాన్న గేటు తీసి పట్టుకున్నాడు. ఒక్కదానివే వెళ్తావా అని అడగబోయి, నీళ్ళ సీసా అందించాడు. ఇప్పుడు మీ కొండ కింద, గార్డు గది పక్కన బెంచీ మీద కూర్చుని ఇది రాస్తున్నాను. గార్డు నేల మీద పడుకుని బండి కింద చెయ్యి పెట్టి చూసి, ఇంత తక్కువ ఎత్తుతో ఆ రాళ్ళ దారి ఎక్కలేరని చెప్పాడు. బండి మీద నీకున్న ప్రేమ తలుచుకుని ఒప్పుకున్నాను. వ్యాను ఇప్పుడే పైకి వెళ్తోంది, ఉత్తరం దాని డ్రైవరుకి ఇస్తున్నాను.

గార్డు మంచివాడు, టీ ఇచ్చాడు. ఇంకొకటి పోస్తానంటే, అది మా మనవరాలికి ఉంచమన్నాను. చల్లారకముందే దిగి రా.

నీ
నానమ్మ