జాబితాలో మూడో పేరు

చిరంజీవి గుండుసూదికి అమ్మమ్మ మనసారా దీవించి రాస్తున్నది.

ఇక్కడ అందరం క్షేమం. ఆ అందరిలో మీ తాతయ్య ఎడమ మోకాలు లేదు. అది నెల రోజులుగా వేరే మనిషిలా ప్రవర్తిస్తోంది. ఆఫీసుకు వెళ్తూ ఈ ఉత్తరం తనే పోస్టు చేస్తానంది మీ అమ్మ. వద్దన్నాను. అంటించిన కవరును వెలుతురుకెత్తి చదవగల మనిషి అది, నా కూతురే కదా.

నీ ఉత్తరం మంగళవారం అందింది. అడిగినవాటికి ముందు జవాబులు. నీ నీలం స్వెట్టర్ ఇక్కడే ఉంది, ఎవరూ ఎత్తుకుపోలేదు. పక్కింటి దర్జీ కొత్త తలుపు పెట్టించాడు. దానికి మూడు గడియలు. లోపల ఏం దాచాడో కనుక్కునే పనిలో ఉన్నాను. వేళకి తింటున్నావా అని నేనడిగిన దానికి నువ్వు జవాబివ్వలేదు కనుక, తినడం లేదనే అనుకుంటున్నాను.

ఇక అసలు సంగతి. కొత్త విద్యార్థుల స్వాగత మేళా గురించి నీకు నూరిపోసింది నేనే. ఏ బల్ల దగ్గరా సంతకం పెట్టకు, ఊరికే ఇచ్చింది పుచ్చుకోకు, నవ్వుతూ ఎదురొచ్చేవాళ్ళు కనపడితే పక్కకు తప్పుకో అన్నాను. నువ్వు తు.చ. తప్పకుండా పాటించావు. అరవై బల్లలున్న మైదానాన్ని చేతులు కట్టుకుని పదకొండు నిమిషాల్లో దాటేశానని గొప్పగా రాశావు. నీతో వచ్చిన నీ గదిలో అమ్మాయి మాత్రం ప్రతి బల్ల దగ్గరా ఆగి ఏడు గుడ్డసంచులూ, పద్నాలుగు పెన్నులూ పోగుచేసిందన్నావు. నేను ఆమెకి సంచుల పిల్ల అని పేరు పెట్టి, ఏడు సంచులు తీసుకున్నది ఎనిమిదో దానికోసం నీ అలమర వెతుకుతుంది, తాళం వేసుకో అని తిరుగుటపాలో రాశాను.

ఇప్పుడేమో మంగళవారం అందిన నీ ఉత్తరం. పడవల సంఘం నాయకురాలు జాబితా పట్టుకుని మీ హాస్టల్ హాల్లోకి వచ్చి, అందరి ముందూ నీ పేరు పిలిచి, ఎందుకు చేరుతున్నారన్న గడిలో ఉన్నది పైకి చదివిందన్నావు: "నాకు నీళ్ళంటే భయం. అది పోవాలి." హాలు హాలంతా నవ్వింది. ఆ భయం సంగతి అక్కడ సంచుల పిల్లకి తప్ప ఇంకెవరికీ చెప్పలేదు గనక, నిన్ను ఆట పట్టించడానికి ఆమే రాసిందని తేల్చేశావు. నేను కాదని ఆమె ఏడ్చినా నమ్మలేదు. గది మార్చమని వార్డెన్‌కి అర్జీ పెట్టావు. నెలాఖరున తేలుస్తారట. చివర్లో నన్ను అడిగావు: "అమ్మమ్మా, నా చోట ఉంటే నువ్వైనా ఇంతే కదా చేసేదానివి?"

చేసేదాన్నే. చేశాను కూడా. అది తరువాత చెప్తాను, ముందు నీ దర్యాప్తు సంగతి చూద్దాం.

ముప్ఫై ఒక్క ఏళ్ళు చరిత్ర చెప్పి, పరీక్ష హాళ్ళలో కాపలా కాసినదాన్ని. పిల్లవాడు నడిచే తీరు చూసి చెప్పులో చీటీ ఉందో లేదో చెప్పేదాన్ని. అనుమానించడం కూడా ఒక పనే, చేస్తే సరిగ్గా చెయ్యాలి. జాబితాలో నీది మూడో పేరని నువ్వే రాశావు. మేళా జరిగింది రెండు రోజులు. మూడో పేరంటే మొదటి రోజు పొద్దుటి పేరు. సంచుల పిల్ల రైలు దిగింది ఆ సాయంత్రం. మీరిద్దరూ కలిసి మేళాకి వెళ్ళింది మర్నాడు. నీ భయం గురించి ఆమెకి చెప్పింది వారం తరువాత. సాక్ష్యం అంతా నీ ఉత్తరంలోనే ఉంది. రాసినదాన్ని నువ్వే చదువుకోలేదు.

మరి మొదటి రోజు పొద్దున నీ భయం తెలిసినవాళ్ళు అక్కడ ఎవరున్నారు? నిన్ను దింపడానికి మీ అమ్మా నేనూ వచ్చాం. మీ అమ్మ నీతోపాటు గది తాళంచెవి కోసం వరసలో ఉంది. నన్ను మేళా మైదానం పక్క నీడలో బెంచీ మీద కూర్చోబెట్టారు. గంటన్నర తరువాత మీరొచ్చేసరికి అదే బెంచీ మీద ఉన్నాను. మధ్యలో లేను.

ఆ బల్లలవాళ్ళ గుట్టేమిటో చూద్దామనే లేచాను. ఆగిన ప్రతి బల్ల దగ్గరా ఒకటే అడిగాను, చేరినవాళ్ళలో మూడో నెలకి ఎంతమంది మిగులుతారని. వక్తృత్వ సంఘం అబ్బాయి పావుగంట మాట్లాడాడు కానీ అంకె చెప్పలేదు. ఫోటోలవాళ్ళు చాలామంది అన్నారు, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ. నాటకాలవాళ్ళు నాకే వేషం ఇస్తామన్నారు. రాణి వేషమా అంటే, కాదు, దయ్యం అన్నారు. చిట్టచివర పడవల బల్ల దగ్గర, అరచేతులు కాయలు కాసిన అమ్మాయి తాళ్ళకి ముళ్ళు వేస్తూ తలెత్తింది. "ఆరుగురు మిగుల్తారండీ. మిగతావాళ్ళు చలికి పారిపోతారు."

అంత చెడ్డ జవాబు మోసం చేసేవాళ్ళు చెప్పరు. ఈత రానివాళ్ళ మాటేమిటన్నాను.

"ముందు ఈతేనండీ, నడుం లోతు నీళ్ళలో, నెల రోజులు. పోయినేడు నేను గట్టు దిగడానికే నాలుగు రోజులు ఏడ్చాను. మీరు చేరతారా మామ్మగారూ?"

కలం తీసుకుని నీ పేరు రాశాను. గడి ఖాళీగా వదలడం నా చేతకాదు గనక అందులో నిజమే రాశాను. ఒకరి పేరుతో ఇంకొకరు పరీక్ష రాస్తుంటే ముప్ఫై ఒక్క ఏళ్ళు పట్టుకున్నదాన్ని, నీ పేరుతో నేను రాశాను.

ఎందుకంటే ఆ భయం నీది కాదు, నాది. నాలుగేళ్ళప్పుడు నువ్వు బకెట్లో చెయ్యి పెడితే కేకవేసింది నేను. స్కూలువాళ్ళు ఈతకి తీసుకెళ్తామన్న ప్రతిసారీ నీకు జ్వరమని దొంగచీటీ రాసి పంపింది నేను. వాళ్ళు పిలిస్తే నువ్వే వెళ్తావనుకున్నాను. నలుగురిలో చదువుతారనుకోలేదు. నీ ఉత్తరం చూశాక మూడు రోజులు ఫోన్ ఎత్తలేదు. నా గొంతు వింటే నువ్వు పట్టేస్తావు.

ఇక నేనేం చేశానన్నది. కాలేజీలో నా గదిలో ఒక అమ్మాయి ఉండేది, జడ వేసుకుంటూ సన్నగా పాడుకునేది. ఆమె నా సబ్బు వాడుతోందని నా అనుమానం. రోజూ సాయంత్రం దాని అంచున పెన్సిల్‌తో గీత గీసి, పొద్దున్నే చూసుకునేదాన్ని. రోజూ తగ్గేది. ఆమెని ఒక్కసారీ అడగలేదు, మాట్లాడడమే మానేశాను. తనేం చేసిందో చెప్పమని మొదట్లో అడిగేది, తరువాత పాడడం మానేసింది, చివరికి తనే వేరే గదికి వెళ్ళిపోయింది. వెళ్ళాక కూడా నా సబ్బు అదే వేగంతో అరిగింది. సబ్బు పెట్టె అడుగున నీళ్ళు నిలిచి కరిగిపోతోంది, అంతే. చెప్పాలని ఆమె కొత్త గది తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాను. యాభై రెండేళ్ళయింది.

నెలాఖరు ఇంకా రాలేదు. అర్జీ వెనక్కి తీసుకో. ఈ ఉత్తరం సంచుల పిల్ల చేతికివ్వు, ఎనిమిదో సంచి మాటతో సహా మొత్తం చదవనీ. పడవ సంగతి నీ ఇష్టం. పేరు ఉంచినా కొట్టేసినా, ఈసారి కలం నీ చేతిలో ఉండాలి.

దీంతోపాటు రెండు సబ్బు పెట్టెలు పంపుతున్నాను, అడుగున చిల్లులున్నవి. ఒకటి నీకు, ఒకటి ఆమెకి. ఊరికే ఎందుకిస్తున్నారని ఆమె అనుమానిస్తే ఏమీ అనుకోకు. వాళ్ళింట్లోనూ ఒక అమ్మమ్మ ఉందన్నమాట.

ఇట్లు,
ఆ గడిలో నీ బదులు నిజం రాసిన
మీ అమ్మమ్మ