వెనక సీటు పొడవు

ఆదివారం, అచ్చంపేట

ఆ చివరి రోజు నా భార్య స్వర్ణను మా చిన్న కారు వెనక సీటులో పడుకోబెట్టి హైదరాబాద్ దవాఖానకు బయలుదేరాను. ఎంత తొక్కినా బండి ఎనభై దాటలేదు. కల్వకుర్తి దాటాక ఆమె మాట్లాడలేదు. ఇంకా ముందు తెచ్చినా ఇంతేనని డాక్టర్ అన్నాడు.

అయినా వేగంగా పోయే కారే కావాలనిపిస్తోంది. ఈరోజు ఆమె తమ్ముడు శీను సెకండ్ హ్యాండ్ కార్లు అమ్మే చోటికి తీసుకుపోయాడు. రెండు తలుపుల ఎర్ర కారు చూపించాడు.

"బావా, ఇంజన్ జర ట్యూన్ చేయిస్తే దీన్ని ఎవ్వడు అందుకోడు."

నడిపాను. కాలు ఆనించగానే దూకింది. నాకేమీ అనిపించలేదు. ఆపి, వెనక సీటులో పడుకోబోయాను. పట్టలేదు.

"సార్, గిసొంటి బండిల ఎనక ఎవరన్న పండుకుంటరా?" అని అమ్మేవాడు నవ్వాడు.

"నువ్వు ఊకో అన్నా," అన్నాడు శీను.

పక్కనే నాలుగు తలుపుల బూడిద రంగు కారు ఉంది. టర్బో ఇంజనే, ఎర్రదాని కన్నా వేగం కొంత తక్కువ. దాని వెనక సీటులో కాళ్లు ముడుచుకుని, స్వర్ణ పొడవుకు తగ్గి పడుకున్నాను. సరిపోయింది.

"బావా, అక్క లేదు గదా," అన్నాడు శీను మెల్లగా.

తెలుసన్నాను.

రేపు పొద్దున పోయి ఆ బూడిద రంగు కారుకు బయానా ఇచ్చి, ఇంజన్ ట్యూన్ చేయమని చెప్పి వస్తాను.